మింజూరు నుండి కోటకు: ఒక అర్జీ ప్రయాణము

అర్జీ వ్రాయని కుటుంబము మనలో అరుదు. చెరువు తూము చెడినను, పట్టాలో పేరు తప్పుపడినను, బడిలో తెలుగు పంతులు లేకపోయినను “మంత్రిగారికే వ్రాసి చూడరాదా?” అని పెద్దలు అనుట పరిపాటి. ఆ కాగితము కోటలో ప్రవేశించిన పిదప ఏమగునో ఎరిగినవారు మాత్రము కొందరే.

మింజూరు రైతు ఒకడు చెన్నపట్నమున సెంట్ జార్జి కోటలోని మంత్రికి అర్జీ పంపెననుకొందము. మంత్రి పేషీవారు దానిని పుస్తకమున ఎక్కించి సంబంధించిన శాఖకు పంపుదురు. శాఖవారు కలెక్టరును రిపోర్టు కోరుదురు. కలెక్టరు కచేరీ నుండి అది పొన్నేరి తాలూకా కచేరీకి, అచ్చటనుండి గ్రామాధికారికి దిగివచ్చును. మింజూరున బయలుదేరిన అర్జీ మరల మింజూరే చేరినదన్నమాట! ఫిర్యాదు ఆ గ్రామాధికారి మీదనే అయినచో?

ఈ చిక్కు నేటిది కాదు. కంపెనీవారి కాలమున శిస్తు వసూలుచేయు తాసీల్దారు చేతనే పోలీసు అధికారము కూడ ఉండెడిది. శిస్తు చెల్లింపని రైతును ఎండలో నిలిపియు, వంగదీసి కట్టియు బాధించెడివారు. బాధించిన కచేరీకే బాధితుడు మొరపెట్టుకొనవలెను.

ఈ వలయమును దాటినవాడు చెన్నపట్నపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి. ఆయన 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, ప్రజల కష్టములను మహజరుగా నేరుగ బ్రిటిష్ పార్లమెంటుకే పంపించెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమోర్ మద్రాసు వచ్చి స్థితిగతులను స్వయముగ చూచెను. 1854లో ఈ హింసలపై సభలో చర్చ జరిగి, విచారణ సంఘము ఏర్పడినది. జనులు స్వయముగ వచ్చియు, జాబులు వ్రాసియు తమ గోడు చెప్పుకొనిరి. 1855 నాటి నివేదిక ఆ ఆరోపణలు నిజమని తేల్చినది. 1859 చట్టముతో పోలీసు శాఖ ప్రత్యేకముగ ఏర్పడినది. మహజరు వెంట పట్టువిడువక తిరిగిన లక్ష్మీనరసు సెట్టి మాత్రము ఆస్తి కరిగిపోయి 1868లో కన్నుమూసెను.

నేడు మనకంత కష్టము లేదు, జాగ్రత్త చాలును. మద్రాసు జిల్లా కచేరీల సంప్రదాయమున ప్రతి కాగితమునకు ఒక నంబరు పడును. ముగిసిన కాగితము “ఎల్. డిస్.” అయినచో ఒక ఏడాది, “కె. డిస్.” అయినచో మూడేండ్లు, “డి. డిస్.” అయినచో పదేండ్లు ఉంచుదురు, “ఆర్. డిస్.” శాశ్వతము. కనుక నంబరు లేని అర్జీ చిరునామా లేని ఉత్తరము వంటిది. నకలు దాచుకొనుడు, నంబరు అడిగి వ్రాసికొనుడు, జవాబు రానిచో ఆ నంబరుతోనే మరల వ్రాయుడు.

మరియొక మాట. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కును, తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకును చేరినవి. గీత ఎక్కడ గీచినను ఇరువైపుల ఇరుభాషలవారు మిగులుదురని రాజ్యాంగకర్తలు ముందే ఎరుగుదురు. దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను మొరపెట్టుకొను హక్కును 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చినది. మింజూరు అవ్వ తెలుగున చెప్పి వ్రాయించిన అర్జీ కూడ అర్జీయే. పని త్వరగ సాగుటకు తమిళ అనువాదము జతచేయుట తెలివి. తెలుగు ప్రతి మానుట మాత్రము అవసరము కాదు.

వాడని హక్కు త్రుప్పుపట్టును. ఈ ఉగాదినాడు పిల్లలకు పంచాంగ శ్రవణముతోపాటు ఒక అర్జీ వ్రాయుటయు నేర్పుదము.