ఎమ్డెన్ నౌక సేవాచరిత్ర: బొగ్గు, వార్త, మద్రాసు

ఉపోద్ఘాతం

1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవుపై పడిన ఫిరంగి గుండ్లు మొదటి ప్రపంచ యుద్ధాన్ని దక్షిణ భారత ప్రజలకు ప్రత్యక్షానుభవంగా మార్చాయి. ఆ దాడి చేసినది జర్మన్ నౌకాదళానికి చెందిన ‘ఎమ్డెన్’ అనే తేలికపాటి క్రూయిజర్. ఈ నౌక చరిత్రను సాధారణంగా సాహసగాథగానే చెబుతారు. అయితే దాని ఐదేళ్ల సేవాకాలాన్ని క్రమంగా పరిశీలిస్తే, దాని గమనాన్ని ఫిరంగుల కంటే బొగ్గు, వార్త అనే రెండు అంశాలే ఎక్కువగా నిర్ణయించాయని స్పష్టమవుతుంది.

నిర్మాణం, తొలి సేవ

డాంజిగ్‌లోని ప్రభుత్వ నౌకానిర్మాణ కేంద్రంలో 1906లో ఎమ్డెన్ నిర్మాణం ప్రారంభమైంది. 1908 మేలో జలప్రవేశం చేసి, 1909 జూలైలో సేవలో చేరింది. దీని జంట నౌక ‘డ్రెస్డెన్’లో టర్బైన్లు అమర్చగా, ఎమ్డెన్‌కు పాత పద్ధతి ఆవిరి యంత్రాలే ఉన్నాయి. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది దీని ప్రధానాయుధాలు. 1910లో ఇది చైనా తీరంలోని జర్మన్ స్థావరమైన చింగ్‌తావ్‌కు చేరింది. మరుసటి ఏడాది కరోలిన్ దీవుల్లోని పొనాపేలో వలస పాలనపై చెలరేగిన తిరుగుబాటును అణచివేయడంలో పాల్గొంది. 1914లో కనిపించిన సాహసానికి ముందు ఈ నౌక వలసాధికారపు సాధనంగా పనిచేసిందన్న సంగతి విస్మరించదగినది కాదు.

బంగాళాఖాతంలో

1914 ఆగస్టులో కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ నాయకత్వాన ఎమ్డెన్ ప్రధాన దళం నుంచి విడివడి హిందూ మహాసముద్రం వైపు సాగింది. ఆ సముద్రపు తూర్పు భాగంలో జర్మనీకి ఒక్క రేవు కూడా లేదు. అందువల్ల వెంట వచ్చిన బొగ్గు నౌక మీద, పట్టుబడిన నౌకల మీద ఆధారపడక తప్పలేదు. సెప్టెంబర్ 10న చిక్కిన గ్రీకు నౌక ‘పొంటోపొరోస్’లోని బొగ్గు ఈ కారణంగానే విలువైనదైంది. కృత్రిమంగా నాలుగో పొగగొట్టం అమర్చి బ్రిటిష్ నౌకను పోలేటట్లు చేయడం కూడా సమాచారాన్ని ఆయుధంగా వాడుకోవడమే.

మద్రాసులో బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు లక్ష్యమయ్యాయి. సుమారు అరగంటలో నూటికి పైగా గుండ్లు పేల్చి నౌక వెనుదిరిగింది. సైనికపరంగా నష్టం స్వల్పమే. కాని భయంతో అనేకులు నగరం విడిచారు. సముద్ర వాణిజ్యం స్తంభించింది. బ్రిటిష్ నౌకాశక్తి అజేయమన్న నమ్మకానికి దెబ్బ తగిలింది. తమిళంలో ‘ఎమ్డెన్’ గట్టివాడికి, జిత్తులమారికి పర్యాయపదంగా స్థిరపడింది.

తెలుగు జిల్లాలకు కూడా నాడు మద్రాసే రాజధాని. ఆంధ్రపత్రిక దినపత్రికగా అక్కడ వెలువడటం 1914 ఏప్రిల్‌లోనే మొదలైంది. ఒక తెలుగు దినపత్రిక తొలి ఏడాదిలోనే అది వెలువడే నగరం మీదికి యుద్ధం వచ్చింది. ఆనాటి తెలుగు సమాజం యుద్ధాన్ని గ్రహించిన తీరును అధ్యయనం చేసేవారికి ఈ కాలం నాటి సంచికలు ముఖ్యాధారాలు.

చెంపకరామన్ పిళ్లె ఈ నౌకలో ఉన్నాడన్న ప్రచారం విస్తృతంగా ఉంది. అయితే ఆ రోజుల్లో ఆయన ఐరోపాలో ఉన్నాడు. వలస పాలనలోని ప్రజలు శత్రువుకు శత్రువైన నౌకను తమదిగా భావించుకున్నారనడానికి ఈ కథ నిదర్శనం. సంఘటనకు మాత్రం కాదు.

పతనం

అక్టోబర్ 28న పెనాంగ్ వద్ద రష్యన్ క్రూయిజర్ ‘జెంచుగ్’ను, ఫ్రెంచి డిస్ట్రాయర్ ‘ముస్కే’ను ఎమ్డెన్ ముంచివేసింది. నవంబర్ 9న కోకోస్ దీవుల్లోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి ఒక దళాన్ని దించింది. అయితే కేంద్రం సిబ్బంది అప్పటికే వైర్‌లెస్ ద్వారా హెచ్చరిక పంపారు. సమీపంలో సైనిక నౌకల వెంట సాగుతున్న ఆస్ట్రేలియన్ క్రూయిజర్ ‘సిడ్నీ’ వెంటనే దారి మళ్లింది. దాని ఆరంగుళాల ఫిరంగుల ముందు ఎమ్డెన్ నిలువలేకపోయింది. చివరకు ముల్లర్ దాన్ని నార్త్ కీలింగ్ దీవి తీరానికి ఎక్కించాడు. 130 మందికి పైగా నావికులు మరణించారు. ఒడ్డున మిగిలిన దళం మాత్రం ‘అయేషా’ అనే తెరచాప ఓడలో తప్పించుకుని, 1915లో కాన్‌స్టాంటినోపుల్ చేరింది.

ముగింపు

వార్తలు అందకుండా చేయబోయి, ఒక వార్త వల్లనే ఎమ్డెన్ నశించింది. మద్రాసులో అది కూల్చినది చమురు ట్యాంకులను మాత్రమే కాదు, సముద్రం సురక్షితమన్న భరోసాను కూడా. నౌకాచరిత్రలో ఎమ్డెన్ సేవ ఐదేళ్లలోనే ముగిసింది. తీరవాసుల భాషలో, జ్ఞాపకంలో మాత్రం చాలాకాలం నిలిచింది. ఈ రెండు చరిత్రలనూ కలిపి చదివినప్పుడే ఆ అరగంట కాల్పుల అర్థం పూర్తిగా బోధపడుతుంది.