ఖడ్గం – శత్రువు – గల్లాపెట్టె

యూరప్ మ్యూజియాల్లో ఉన్న మధ్యయుగపు యుద్ధ ఖడ్గాలను తూకం వేస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఒంటిచేత్తో తిప్పే కత్తి బరువు కిలో, కిలోంబావు దగ్గరే ఉంటుంది. రెండు చేతులతో పట్టే 16వ శతాబ్దపు పెద్ద ఖడ్గాలు కూడా సాధారణంగా రెండు నుంచి మూడున్నర కిలోల మధ్యే తూగుతాయి. అంతకు మించినవి చాలావరకు ఊరేగింపుల్లో మోయడానికి చేసినవి, యుద్ధానికి కాదు. కారణం తేలికే. కత్తి పట్టిన సైనికుడు దాన్ని మోసుకుంటూ నడవాలి, పదేపదే ఎత్తాలి, ఎత్తిన చెయ్యి దించేలోపు ప్రాణం దక్కించుకోవాలి. ఆ అవసరమే కత్తికి బరువును, రూపాన్ని నిర్ణయించింది.

ఇప్పుడు వీడియో గేముల్లో కత్తిని చూడండి. కథానాయకుడి భుజం మీద మనిషి ఎత్తున, తలుపు చెక్క వెడల్పున ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. అంచుల నిండా ముళ్లు, పిడి చుట్టూ మంటలు. ఏ దేశపు కమ్మరీ ఇలాంటి కత్తి సాగగొట్టి ఎరగడు. ఊహకు ఆ స్వేచ్ఛ ఉండకూడదని నేననటం లేదు. మన జానపద కథల్లోనూ, సినిమాల్లోనూ మంత్రఖడ్గాలకు కొదవ లేదు. కానీ ఊహ కూడా ఆకాశం నుంచి ఊడిపడదు. ఈ కత్తి ఎందుకు ఇంత పెరిగింది? ఎదురుగా ఉన్న శత్రువు పెరిగాడు కాబట్టి. మరి శత్రువు ఎందుకు పెరిగాడు? ఈ ప్రశ్న వేసుకున్న మరుక్షణం మనం ఊహాలోకం వదిలి గల్లాపెట్టె దగ్గరికి వచ్చి నిలబడతాం.

ఇది పిల్లలాట కదా, దీనికి చరిత్రేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రపంచంలో కోట్లమంది తమ తీరిక సమయాన్ని ఈ తెరల ముందు గడుపుతున్నారు. శ్రమించే మనిషికి మిగిలిన ఆ కాస్త సమయాన్ని ఎవరు కొలుస్తున్నారో, ఎవరు అమ్ముకుంటున్నారో పట్టించుకోకుండా మన కాలపు సంస్కృతి గురించి మాట్లాడలేం.

మొదట శత్రువు సంగతి చూద్దాం. 1978లో జపాన్‌లోని తైతో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే ఆటను విడుదల చేసింది. దాని రూపకర్త తొమొహిరో నిషికాదో. అందులో ఆయుధం కత్తి కాదు, తుపాకి. తెర మీద 55 మంది శత్రువులు బారులు తీరి కిందికి దిగుతుంటారు. వాళ్లను చంపుతున్నకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. ఇది ముందుగా ఆలోచించి పెట్టింది కాదు. అన్ని బొమ్మలను ఒకేసారి గియ్యడం ఆనాటి యంత్రానికి భారమయ్యేది. బొమ్మలు తగ్గేకొద్దీ భారం తగ్గి యంత్రం వేగంగా గీసేది. నిషికాదో ఆ లోపాన్ని సరిదిద్దకుండా ఉంచేశాడు. ఆట గెలుపుకి దగ్గరవుతున్నకొద్దీ శత్రువు కఠినమయ్యే పద్ధతికి అది గొప్ప ఉదాహరణగా నిలిచింది.

ఆ పద్ధతి వ్యాపారానికి చక్కగా అతికింది. జపాన్‌లో 100 యెన్ల నాణెం, అమెరికాలో 25 సెంట్ల నాణెం వేస్తే ఆట మొదలవుతుంది. ఒక్క నాణెంతో ఒకడు గంటసేపు ఆడితే దుకాణదారుకు నష్టం. మొదటి నిమిషంలోనే ఓడిపోతే ఆడేవాడు మళ్లీ రాడు. ఈ రెంటి నడుమ ఎక్కడో శత్రువు బలాన్ని నిలపాలి. ఆ కాలపు చాలా యంత్రాల లోపలి పలక మీద చిన్న చిన్న మీటలుండేవి. ఒక నాణేనికి ఎన్ని ప్రాణాలు ఇవ్వాలి, శత్రువు ఎంత గట్టిగా ఉండాలి అనేవి ఆ మీటలతో దుకాణదారు మార్చుకోవచ్చు. తెర మీద రాక్షసుడు కనిపిస్తాడు. వాడి బలం ఎంతో నిర్ణయించే మీట మాత్రం తాళం వేసిన పెట్టెలో ఉంటుంది.

కత్తి పట్టిన వీరుడు ఈ దుకాణాల్లోకి వచ్చిన సందర్భాల్లో చెప్పుకోదగ్గది 1984లో నామ్కో కంపెనీ తెచ్చిన ‘ది టవర్ ఆఫ్ డ్రువాగా’. గిల్ అనే యోధుడు 60 అంతస్తుల గోపురం ఎక్కి ద్రువాగా అనే రాక్షసుణ్ణి చంపాలి. అతనికి కావలసిన ఆయుధాలు అంతస్తుల్లో దాగి ఉంటాయి. ఏం చేస్తే బయటపడతాయో ఆట చెప్పదు. ఒకచోట ఫలానా శత్రువులను ఫలానా వరసలో చంపాలి, మరోచోట ఇంకేదో చెయ్యాలి. ఒక్కడే కూర్చుని ఇవన్నీ కనిపెట్టాలంటే జేబులో నాణేలు చాలవు. అప్పుడు జపాన్ ఆటశాలల్లో ఆడేవాళ్లు ఒక పని చేశారు. యంత్రాల పక్కన నోటు పుస్తకాలు పెట్టి, ఎవరికి తెలిసింది వాళ్లు అందులో రాశారు. ఒకడు పోగొట్టుకున్న నాణెం మరొకడికి దారి చూపింది. శత్రువు బలం గల్లాపెట్టె నిర్ణయిస్తే, దానికి జవాబు ఒంటరి వీరుడి కత్తిలోంచి రాలేదు, నలుగురూ కలిసి రాసుకున్న పుస్తకంలోంచి వచ్చింది. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత ఆట ఇంటికి చేరింది. 1986లో నింటెండో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ విడుదల చేసింది. మొదట్లోనే గుహలో ఒక ముసలివాడు చెక్కకత్తి ఇస్తాడు. మెరుగైన కత్తి కావాలంటే తెర మీద ప్రాణానికి గుర్తుగా ఉండే గుండె బొమ్మలు ఐదు ఉండాలి, అన్నిటికంటే గొప్ప కత్తికి పన్నెండు ఉండాలి. ఆ ఆటలో అంగళ్లున్నా కత్తి మాత్రం అమ్మకానికి లేదు. అదే ఏడాది వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’లో పద్ధతి వేరు. రాక్షసుణ్ణి చంపితే బంగారం, బంగారంతో అంగట్లో కత్తి, కత్తితో ఇంకా పెద్ద రాక్షసుడు. చేసిన పనికి కూలి, కూలితో పనిముట్టు, పనిముట్టుతో ఇంకా ఎక్కువ పని! మన వ్యవస్థ తన ముఖాన్ని తానే అద్దంలో చూసుకున్నట్టుంటుంది.

ఇంట్లో నాణెం లేదు కదా, మరి శత్రువు మెత్తబడ్డాడా? లేదు. జపాన్‌లో ఆటల కేసెట్లను అద్దెకివ్వడానికి చట్టం అడ్డుగా ఉండేది. అమెరికాలో 1990లో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అద్దెలను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, ఇంటి వీడియో గేముల కేసెట్లను ఆ నిషేధం నుంచి మినహాయించారు. రెండు రోజులకు అద్దెకు తెచ్చుకున్న పిల్లవాడు ఆట మొత్తం పూర్తి చేస్తే ఇక కొనడు. ‘నింజా ర్యూకెన్‌దెన్’ అంటే డ్రాగన్ ఖడ్గం పట్టిన నింజా కథ. దాని మూడో భాగం 1991లో వచ్చింది. జపాన్ కేసెట్‌లో ఓడిపోయినవాడు ఎన్నిసార్లయినా తిరిగి మొదలుపెట్టవచ్చు. అమెరికా కేసెట్‌లో ఆ అవకాశాన్ని ఐదుసార్లకు కుదించి, శత్రువు దెబ్బలను పెంచారు. 1994 నాటి ‘కాంట్రా: హార్డ్ కోర్’లో జపాన్ వీరుడు ఒక ప్రాణంతో మూడు దెబ్బలు ఓర్చుకుంటాడు, అమెరికా వీరుడు ఒక్క దెబ్బకే కూలిపోతాడు. ఆ పద్ధతి అద్దె దుకాణాలతో ఆగలేదు. 2005లో ‘డెవిల్ మే క్రై 3’ వచ్చేసరికి, జపాన్‌లో ‘కఠినం’ అని పేరున్న స్థాయినే అమెరికాలో ‘మామూలు’ అన్నారు. వీరుడు అతనే, ఖడ్గం అదే, రాక్షసుడు వాడే. సముద్రం దాటేసరికి బలాబలాలు మారిపోయాయి. కల్పిత లోకానికి కూడా దేశాల సరిహద్దులూ, అంగడి లెక్కలూ ఉంటాయన్నమాట.

ఆ కఠినత్వం తయారుచేసినవాళ్లనూ వదల్లేదు. 1986లో కొనామీ కంపెనీలో పనిచేసే కజుహిసా హషిమోతో ‘గ్రాడియస్’ ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించడానికి తానే దాన్ని పూర్తి చెయ్యలేక, బొత్తాలను ఒక వరసలో నొక్కితే ఆయుధాలన్నీ దక్కే రహస్యం అందులో పెట్టుకున్నాడు. ఆ వరసే తర్వాత ‘కాంట్రా’లో 30 ప్రాణాలిచ్చే మంత్రంగా నోటి నోటా లోకమంతా తిరిగింది. 1990లలో మన పట్టణాల్లో నకలు కేసెట్ల మీద ‘కాంట్రా’ ఆడిన తరానికి ఆ ఆట కొత్తది కాదు. తాను చేసిన వస్తువు చేతిలో తానే ఓడిపోయిన ఉద్యోగి ఆ తరం పిల్లలందరికీ తెలియకుండానే మిత్రుడయ్యాడు.

ఇప్పుడు కత్తి రూపం దగ్గరికి వద్దాం. 1989లో కెంతారో మియురా ‘బెర్సెర్క్’ అనే బొమ్మల కథను ధారావాహికగా మొదలుపెట్టాడు. అందులో గట్స్ మోసే ఖడ్గం మనిషంత ఉంటుంది. అయితే మియురా దానికి కారణం చూపించాడు. గట్స్ ఎదుర్కొనేది మనుషులను కాదు, మామూలు కత్తి తెగ్గొట్టలేని రాక్షసాకారాలను. ఆ కత్తి బరువు గట్స్ బతుకు బరువుగా పాఠకుడికి అందుతుంది. 1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ కథానాయకుడు క్లౌడ్ భుజాన వెడల్పాటి ఖడ్గంతో వచ్చాడు. ఆనాటి యంత్రం గీసే మనిషి బొమ్మకు ముఖకవళికలు ఉండవు, వేళ్లు ఉండవు. నాలుగు పలకలు అతికించినట్టుండే ఆ ఆకారంలో వీరుణ్ణి గుర్తుపట్టించేది భుజాన ఉన్న ఖడ్గమే. అయితే యంత్రం ఎదిగి ముఖం మీద చెమట చుక్కను సైతం చూపించగలిగాక కూడా కత్తి చిన్నదవలేదు. అప్పటికి కత్తి ఆయుధం స్థాయి దాటి సరుకైపోయింది. సరుకు దూరం నుంచి కనపడాలి, పక్కవాడి సరుకు కంటే మెరవాలి.

సరుకన్నాక దాని వెనక శ్రమ ఉంటుంది. 2004లో మొదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో బంగారం కూడబెట్టడానికి గంటల కొద్దీ రాక్షసులను చంపాలి. అంత ఓపిక లేని సంపన్న దేశాల ఆటగాళ్లు డాలర్లిచ్చి ఆ బంగారం కొన్నారు. చైనాలోని నాన్‌జింగ్‌లో రాత్రికి 12 గంటల చొప్పున, గంటకు సుమారు 30 సెంట్ల కూలికి రాక్షసులను చంపుతున్న యువకుల గురించి 2007లో ‘న్యూయార్క్ టైమ్స్’ ఆదివారపు పత్రిక వివరంగా రాసింది. చైనా ఈశాన్యంలోని ఒక శ్రమశిబిరంలో ఖైదీలతో పగలు బండపని, రాత్రి ఈ పని చేయించారని ఒక మాజీ ఖైదీ చెప్పిన సంగతిని 2011లో లండన్ ‘గార్డియన్’ ప్రచురించింది. ఒకరి వినోదంలో విసుగు పుట్టించే భాగమంతా మరొకరి బతుకుతెరువైంది.

కంపెనీలు ఈ బేరాన్ని బయటివాళ్లకు వదిలేస్తాయా? 2012లో వచ్చిన ‘డియాబ్లో 3’లో అసలు డబ్బుతో ఖడ్గాలు అమ్ముకునే వేలం అంగడిని కంపెనీయే పెట్టి, ప్రతి అమ్మకంలోనూ రుసుము తీసుకుంది. అదే ఆటలో చివరి స్థాయి శత్రువులు ఎంత కఠినమంటే, మేలైన ఆయుధం లేకుండా వాళ్ల ముందు నిలవలేం. కఠినత్వం ఒక చేత్తో, విరుగుడు మరో చేత్తో! కాని రాక్షసుణ్ణి చంపి కత్తి సంపాదించడమే ఆ ఆటకు ప్రాణం. కత్తి అంగట్లో దొరికాక రాక్షసుణ్ణి చంపడం దేనికి? ఆట ఆత్మే దెబ్బతింటోందని ఒప్పుకుని 2014 మార్చిలో కంపెనీ ఆ అంగడి మూసేసింది. ఫోన్ ఆటల్లో లాటరీ పద్ధతిన ఆయుధాలమ్మే వ్యాపారం మాత్రం విస్తరించింది. విడివిడి లాటరీల్లో దొరికే వస్తువులన్నీ కూడబెడితేనే అరుదైన బహుమతి ఇచ్చే ఒక రకాన్ని జపాన్ ప్రభుత్వం 2012లోనే అక్రమమని ప్రకటించాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక, శత్రువును మెత్తబరచడమే ప్రగతి అనుకుంటే పొరపాటు. 2009లో హిదెతాకా మియజాకి దర్శకత్వంలో వచ్చిన ‘డెమన్స్ సోల్స్’ చాలా కఠినమైన ఆట. కాని ఆ కఠినత్వం నాణెం అడగదు, గమనించమని అడుగుతుంది. పెద్ద ఖడ్గం తీసుకుంటే అది నెమ్మదిగా లేస్తుంది, ఆ లోపు శత్రువు కొడతాడు. బరువు మళ్లీ బరువైంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆడేవాడు తన వెనక వచ్చేవాళ్ల కోసం నేల మీద సందేశం రాసి పోవచ్చు. ‘ముందు ఉచ్చు ఉంది’ అనో, ‘ఎడమ పక్క చూడు’ అనో. ఆ మాట మేలు చేసిందని మరొకడు గుర్తు పెడితే, రాసినవాడి ప్రాణం కొంత నిండుతుంది. 1984 నాటి నోటు పుస్తకం ఆటలోకే వచ్చి చేరింది!

దీన్నీ మార్కెట్ ఊరికే వదల్లేదు. దాని తర్వాత వచ్చిన ‘డార్క్ సోల్స్’ను 2012లో ‘ప్రిపేర్ టు డై’ పేరుతో అమ్మారు. కఠినత్వమే ప్రచార నినాదమైంది. గెలిచినవాళ్లలో కొందరికి అదొక కులగౌరవంలా పట్టుకుంది. 2019లో ‘సెకిరో’ వచ్చినప్పుడు, చేతులు సరిగా ఆడని వికలాంగులకు కూడా ఆడే వీలు కల్పించాలన్న వాదన లేస్తే, ‘చేతకాకపోతే మానుకో’ అన్న జవాబులు చాలా వినిపించాయి. ఆ జవాబు చెప్పినవాళ్లు తాము కళను కాపాడుతున్నామనుకున్నారు. నిజానికి వాళ్లు కాపాడింది ఒక గేటును.

మనకు బాలనాగమ్మ కథ తెలుసు. మాయల ఫకీరును ఏ కత్తీ చంపలేదు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఆ గుట్టు రాబట్టింది ఖడ్గం పట్టిన రాజు కాదు, చెరలో ఉన్న ఆడది. ఆమె తెలుసుకున్నది కొడుకుకు చేరింది, అప్పుడు గానీ ఫకీరు చావలేదు. ఆ కథ చెప్పుకున్న జనానికి శత్రువు కఠినత్వం అంటే ఏమిటో తెలుసు, దాన్ని దాటే దారీ తెలుసు.

వీడియో గేముల చరిత్ర కూడా ఇదే చెబుతోంది. కాబట్టి శత్రువు ఎంత కఠినంగా ఉన్నాడన్నదొక్కటే అడిగితే చాలదు. వాడి బలాన్ని ఎవరు, ఎవరి లాభం కోసం కొలిచారో కూడా అడగాలి. ఆడేవాడికి ఏదో నేర్పడానికి కొలిచారా, జేబు తడమడానికి కొలిచారా? మొదటిదైతే ఆ ఆటను కళగా గౌరవించి, అందరికీ అందేలా చెయ్యమని కోరదాం. రెండోదైతే, తెర మీద ఎంత పెద్ద ఖడ్గం మెరిసినా, ఆ మెరుపు వెనక ఉన్న పెట్టె తాళం గురించి నలుగురికీ చెబుదాం.