చిలకలగూడ వలసవారును ముల్కీ ప్రమాణపత్రమును

‘ముల్క్’ అనునది అరబ్బీ శబ్దము. రాజ్యము, దేశము అని దాని యర్థము. దానినుండి పుట్టిన ‘ముల్కీ’ పదము హైదరాబాదు రాజ్యమున దేశీయుడను నర్థమునను, ‘గైర్ ముల్కీ’ యనునది పరదేశీయుడను నర్థమునను వాడుకకు వచ్చినవి. ఈ రెండు మాటలును చిరకాలము తెలుగువారి నోళ్ళలో నానినవి. వానివలన కొలువులు దొరకినవి, కొలువులు పోయినవి, తుదకు ప్రాణములును పోయినవి. అయినను వెలుపలినుండి వచ్చినవాడు ముల్కీ యగుటకు ఏమి చేయవలసియుండెనో, శాసన మతనిని ఏమని ప్రశ్నించుచుండెనో విచారించినవారు తక్కువ. వివాదమును గూర్చిన వ్రాతలే విస్తారముగా నున్నవి గాని, వివాదమునకు మూలమైన నిబంధనల యక్షరములను పట్టి చూచిన వ్రాతలు విరళము. రైలుమార్గమును బట్టి వలసవారితో నిండిన సికింద్రాబాదు ప్రాంతమున, అందును చిలకలగూడవంటి వాడలో, ఆ యక్షరములకు గల బరువు స్పష్టముగా తెలియును.

దేశీయ పరదేశీయ వివాదము దక్కనునకు క్రొత్తది కాదు. బహమనీ సుల్తానుల కొలువులో దక్కనీలకును, సముద్రము దాటి వచ్చిన ఆఫాకీలకును జరిగిన కలహము 1481 లో మహమ్మద్ గవాను శిరచ్ఛేదమువఱకు పోయినది. నిజాముల కాలమున 1853 లో దీవానైన మొదటి సాలారుజంగు పాలనను సంస్కరింపబూని, ఇంగ్లీషు పద్ధతుల నెఱిగిన యుద్యోగులను ఉత్తరహిందూస్థానమునుండి రప్పించెను. సయ్యదు హుస్సేను బిల్‌గ్రామి 1873 లో లక్నోనుండి వచ్చినవాడు. వచ్చినవారు సమర్థులే. వారి వెంట బంధువులును ఆశ్రితులును వచ్చుటచే స్థానికులకు కంటగింపు కలిగినది. పరదేశీయుని యునికి యా దినములలో ప్రభువుల యనుగ్రహముపై మాత్రమే నిలిచియుండెను. వంగదేశమునుండి వచ్చి హైదరాబాదులో నాంగ్లవిద్యకు పాదు కట్టిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, 1883 లో చాందా రైలుమార్గపు ఏర్పాటును విమర్శించినంతనే, రాజ్యమునుండి వెడలగొట్టబడెను. తరువాత నతడు మరలివచ్చెననుట వేఱు సంగతి. ఏ నిబంధనను బట్టి పొమ్మనిరని గాని, ఏ నిబంధనను బట్టి రమ్మనిరని గాని అడుగుట కప్పుడు తావు లేదు.

అట్టి నిబంధన స్థిరరూపమున నేర్పడినది 1919 లో. హిజ్రీ 1337 రమజాను 25 వ తేదీనాటి నిజాము ఫర్మానును అనుసరించి హైదరాబాదు సివిలు సర్వీసు రెగ్యులేషనులు ప్రకటింపబడినవి. వానిలో 39 వ నిబంధన, ముల్కీ కానివానిని పెద్దకొలువున గాని చిన్నకొలువున గాని నిజాము ప్రత్యేకానుమతి లేక నియమింపరాదని చెప్పుచున్నది. ప్రభువు తలుపు మూసి తాళపుచెవిని తనవద్దనే యుంచుకొనెనన్నమాట. ముల్కీ యెవడో వివరించు భాగమును అనుబంధముగా చేర్చిరి. దానిని బట్టి నాలుగు విధముల ముల్కీలు కలరు. జన్మచేత హైదరాబాదు ప్రజయైనవాడు ఒకడు. నివాసముచేత ఆ హక్కును పొందినవాడు రెండవవాడు. పుట్టునప్పటికి తండ్రి పదునైదేండ్ల ప్రభుత్వసేవ ముగించి కొలువులో నున్నచో, అట్టి కుమారుడు మూడవవాడు. ముల్కీ భార్య నాలుగవది. జన్మచేత ప్రజ యనగా రాజ్యమున పుట్టినవాడని యర్థము కాదు. ఎచ్చట పుట్టినను సరే, పుట్టునాటికి తండ్రి ముల్కీయై యుండవలెను. అనగా మన్ను కాక వంశమే ప్రమాణము. చిలకలగూడలో పుట్టి, చిలకలగూడలో పెరిగి, అన్యప్రదేశ మెఱుగని బాలుడు సైతము తండ్రినిబట్టి పరదేశీయుడు కావచ్చును. లండనులో పుట్టిన ముల్కీపుత్రుడు ముల్కీయే.

రెండవ తెగకు సంబంధించిన షరతు మిక్కిలి విచిత్రమైనది. కనీసము 15 ఏండ్లు రాజ్యమున స్థిరనివాసియై యుండవలెను. పూర్వమున్న చోటికి మరలిపోవు తలంపును విడిచియుండవలెను. విడిచితినని నిర్ణీతమైన నమూనాలో వ్రాసి మేజిస్ట్రేటుచేత ధ్రువీకరింపబడిన ప్రమాణపత్రమును, అనగా అఫిడవిట్టును, పొందియుండవలెను. ఈ మూడింటిలో మొదటిది కాలమునకు సంబంధించినది, మూడవది కాగితమునకు సంబంధించినది. నడిమిది మనస్సునకు సంబంధించినది. ఏండ్లను లెక్కింపవచ్చును, కాగితమును చూపవచ్చును. తలంపును విడిచినట్లు చూపుట యెట్లు? శాసనకర్తలు ఈ చిక్కును గమనింపకపోలేదు. గమనించియే మనస్సునకు కాగితమును సాక్షిగా నిలిపిరి. ఆ సాక్ష్యము ఎంత దృఢమో తరువాతి చరిత్ర తెలుపును.

ఇందు గమనింపదగిన మఱియొక విశేషము కలదు. భాష, మతము, కులము అను మాటలు ముల్కీనిర్వచనమున లేవు. ఔరంగాబాదు మరాఠీవాడు చిలకలగూడలో ముల్కీ. బెజవాడ తెలుగువాడు, చుట్టునున్నవారి భాషయే తనభాషయైనను, గైర్ ముల్కీ. ఉర్దూ రాజ్యభాషగా నున్న దినములలో లక్నో ఉర్దూపండితుడును అట్లే గైర్ ముల్కీ. శాసనము దక్షిణమునుండి వచ్చిన తెలుగువానిని, ఉత్తరమునుండి వచ్చిన నవాబును ఒక్క త్రాసులోనే తూచినది. నిజాము ప్రత్యేకానుమతి యెవరికి సులభముగా దొరకెడిదన్నది వేఱుమాట.

ఇక సికింద్రాబాదును చూడవలెను. 1798 నాటి సైన్యసహకారసంధి ననుసరించి ఇంగ్లీషు దండు విడిసిన చోట ఆ నగర మేర్పడినది. 1806 లో సికిందరు జా పేరు దానికి వచ్చినది. నేల నిజాముది, ఏలుబడి ఇంగ్లీషువారిది. ఆ పాలనలోని పట్టణభాగము 1945–46 ప్రాంతమున గాని నిజామునకు తిరిగిరాలేదు. వాడినుండి రైలుమార్గము 1874 లో సికింద్రాబాదు చేరినది. 1889 లో బెజవాడతో సంధానము కలిగినది. 1893 లో లాలాగూడలో రైలు కర్మాగారము వెలసినది. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ, వారాసిగూడ యను పేళ్ళలోని ‘గూడ’ శబ్దము అవి తొలుత చిన్నపల్లెలని సూచించును. రైలు వానిని పల్లెలుగా నుండనీయలేదు. స్టేషనునకు అనతిదూరమున నుండుటచే చిలకలగూడలో రైలుకొలువువారి నివాసములు పెరిగినవి. కొద్దిమైళ్ళలో రెండు పాలనలు, రెండు నాణెములు చెల్లుబాటైన ప్రదేశమది. ఏడు హాలీరూపాయలకు ఆఱు ఇంగ్లీషురూపాయలు మారకము. సంతకు పోయిన యిల్లాలు సైతము ఈ లెక్క యెఱిగియుండవలసినదే.

1889 తరువాత కృష్ణాతీరమునుండి రైలెక్కి వచ్చి కర్మాగారమున కుదురుకొన్న కుటుంబమొకటి యున్నదని యూహింపవచ్చును. కొడుకు చదువుకొని 1920 ప్రాంతమున సర్కారుకొలువు కోరెననుకొందురు గాక. తండ్రి ముప్పదియేండ్లు పనిచేసినను, మూడవ తెగ యతనికి పనికిరాదు. నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే 1930 లో ప్రభుత్వము వశమగువఱకు లండను కంపెనీది. కంపెనీసేవ ప్రభుత్వసేవ యని యక్షరార్థమున చెప్ప వీలులేదు. ఇక మిగిలినది నివాసమార్గము. ఏండ్లు చాలినవి. తలంపు మాట యేమి? స్వగ్రామమున తాతనాటి రెండెకరముల మాగాణి యున్నది, శిస్తు యేటేట కట్టుచున్నారు. ఆడుబిడ్డను ఆ ప్రాంతమువారికే యిచ్చిరి. పండుగకు, పుష్కరమునకు రైలెక్కి పోవుదురు. అందఱును మరలివత్తురు. వీరు మరలిపోవు తలంపును విడిచినవారా, విడువనివారా? రైలు వారిని తెచ్చినది, ఆ రైలే మరలిపోవుటను సులభము చేసినది. పూర్వము ఎడ్లబండ్లపై వచ్చినవానికి తిరిగిపోరాని దూరమే ప్రమాణముగా నుండెను. రాత్రి యెక్కి పగటికి దిగు దూరమునకు అట్టి సాక్ష్యము లేదు. మాగాణి యమ్ముకొనక ప్రమాణము చేసినచో నది యసత్యమా యను సంశయమును శాసనము తీర్పలేదు. మేజిస్ట్రేటు చూడగలిగినది చేతివ్రాలును మాత్రమే.

ఒకవైపున ముల్కీల కష్టమును చిన్నది కాదు. 1918 లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూమాధ్యమమున బోధించి ఏటేట పట్టభద్రులను పంపుచుండెను. చిలకలగూడకు సమీపముననే అడిక్‌మెట్టున దాని కళాశాలాభవనము 1939 లో తెఱవబడినది. చదివినవారు పెరిగిరి, కొలువులు పెరుగలేదు. 1930 దశాబ్దమున నిజాము ప్రజల సంఘము, హైదరాబాదు హైదరాబాదీలదేయని పలికినది. అందు హిందువులును ముస్లిములును కలిసియుండిరి.

1948 సెప్టెంబరు పోలీసుచర్యతో త్రాసు తలక్రిందులైనది. సైనికపాలకులును, వారి వెనుక వచ్చిన వెల్లోడి ప్రభుత్వమును మద్రాసునుండి, మధ్యపరగణాలనుండి ఉద్యోగులను రప్పించిరి. కచ్చేరీలలో ఉర్దూస్థానమున ఇంగ్లీషు వచ్చినది. ఉర్దూలో చదివి పట్టము పొందినవాడు తన యూరిలోనే నిరక్షరుడైనట్లు నిలువవలసివచ్చెను. 1950 జనవరి 26 న వచ్చిన రాజ్యాంగము ముల్కీని, గైర్ ముల్కీని ఒక్కనాడే భారతపౌరులను జేసినది. అయినను 35 వ అధికరణము అదివఱకున్న యిట్టి నిబంధనలను పార్లమెంటు మార్చువఱకు సాగనిచ్చినది. పౌరత్వము ఒక్కటే, కొలువున కర్హత మాత్రము ఫర్మానునాటిదే.

ఈ కాలముననే ప్రమాణపత్రము పరువు చెడినది. రాకపోకల యుద్యోగులు దొంగ ముల్కీపత్రములు సంపాదించుచున్నారను నారోపణ ఊరూర వినవచ్చెను. 1952 వేసవి పిమ్మట వరంగల్లున ఉపాధ్యాయుల నియామకములపై మొదలైన విద్యార్థుల యలజడి హైదరాబాదునకు ప్రాకినది. ఉపాధ్యాయుని కొలువే ఈ యగ్నికి తొలి సమిధ యగుట బడిపంతుళ్ళు గుర్తింపదగిన సంగతి. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ పరిసరములందు పోలీసులు కాల్పులు జరిపిరి, కొందఱు మరణించిరి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిచేత విచారణ జరిపించినది. ఆ దినముల నినాదములలో గైర్ ముల్కీలు తిరిగిపొండను మాట ముఖ్యమైనది. ముప్పదియేండ్లక్రితపు నమూనాలో ‘తిరిగిపోను’ అని వ్రాలు చేయించుకొన్న శాసనమునకు, వీధిలో వినవచ్చిన ప్రత్యుత్తర మది. సత్యముగా ప్రమాణము చేసినవాడును, అసత్యముగా చేసినవాడును వీధివారి కొక్కటే. నిజముగా మాగాణి యమ్ముకొని స్థిరపడిన చిలకలగూడ కుటుంబమునకు ఇంతకన్న అన్యాయ మేమి కలదు? పొరుగుననే పుట్టి, పత్రము వెలకు దొరకుటచే కొలువు కోల్పోయిన ముల్కీ యువకునకును అన్యాయమే. ఇద్దఱికిని శత్రువు ఆ విలువలేని కాగితమే.

తరువాతి కథ వేగముగా నడచినది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుష్యుల యొప్పందము 12 ఏండ్ల నివాసమును చాలునన్నది. 1957 లో పార్లమెంటు చేసిన ప్రభుత్వోద్యోగముల శాసనమును, దాని క్రింద 1959 లో వచ్చిన నియమములును 15 ఏండ్ల యెడతెగని నివాసమును కోరినవి. ఈ రెండింటియందును మరలిపోవు తలంపు మాట లేదు. ఏండ్లు నిలిచినవి, మనస్సు జారిపోయినది. రాజ్యాంగమున చెప్పబడిన నివాసనియమము రాష్ట్రమంతటికే గాని రాష్ట్రమున నొక భాగమునకు చెల్లదని 1969 మార్చి 28 న సుప్రీముకోర్టు ఆ శాసనభాగమును కొట్టివేసినది. అప్పుడు న్యాయవాదులు పాత ఫర్మానును మరల వెలికి తీసిరి. అది బ్రతికియే యున్నదని 1972 అక్టోబరు 3 న సుప్రీముకోర్టు చెప్పగా ఆంధ్రప్రాంతమున జై ఆంధ్రోద్యమము చెలరేగినది. 1973 సెప్టెంబరు 21 న ఆఱు సూత్రముల పథకము వచ్చినది. ఆ యేడే ముల్కీ నిబంధనలు రద్దైనవి.

రద్దైన దానిచోట 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ‘స్థానికుడు’ అను క్రొత్తమాటను నిలిపినది. మెట్రిక్యులేషనుతో ముగియునట్లు వరుసగా నాలుగు విద్యాసంవత్సరములు ఏ ప్రాంతపు బడిలో చదివెనో ఆ ప్రాంతమున విద్యార్థి స్థానికుడు. చదువు చాలనిచోట నివాసము చూడబడును. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట 2018 లో వచ్చిన యుత్తర్వు ఆ నాలుగేండ్లను ఒకటవ తరగతినుండి ఏడవ తరగతిలోపలికి మార్చినది. తండ్రి యెచ్చటివాడో అడుగువారు లేరు. తిరిగిపోదువా యని యడుగు మేజిస్ట్రేటును లేడు. చిలకలగూడలో నేడు ఒక బాలుడు స్థానికుడగునో కాదో తేల్చునది బడిలోని హాజరుపట్టీ, దానినిబట్టి ప్రధానోపాధ్యాయుడు చేయు వ్రాలు.