గోటి మీద రాసిన చరిత్ర

ఉప్పుగూడ పేరులోనే ఉప్పుంది. మా కథ కూడా ఉప్పుతోనే మొదలైంది. లవణం అన్న మాట నుంచే లంబాడీ పేరు పుట్టిందని కొందరు చరిత్రకారులు చెప్తారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని మొఘలుల సైన్యాలకూ, నిజాం సైన్యాలకూ చేరవేసిన జాతి మాది. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. బేరగాళ్లం కూలీలమయ్యాం.

మా యాడి పాలమూరు తండా నుంచి వచ్చి, ఉప్పుగూడ పట్టాల పక్కన అద్దె గదిలో ఉంటూ ఇరవై ఏళ్లు ఇసుక తట్టలు మోసింది. మెట్టెక్కితే ఆయాసం వచ్చేది. వయసు మీద పడిందనుకున్నాం. ఒక దవాఖానలో ముఖం చూసి బలం గోళీలు రాసి పంపారు. తర్వాత ఒక నర్సమ్మ చెయ్యి పట్టుకొని గోళ్లు చూసింది. పాలిపోయి, నీటిచుక్క నిలిచేంత గుంటపడి ఉన్నాయి. "రక్తం పరీక్ష చేయించమ్మా" అంది. ఒంట్లో ఇనుము తక్కువై రక్తహీనత వచ్చిందని తేలింది. నల్లటి ఒంటి మీద పాలిపోవడం తొందరగా కనబడదు, గోటి కింద కనబడుతుంది.

గోరు చూసి రోగం గుర్తించడం పాత విద్యే. వేలి కొస డప్పు పుల్లలా ఉబ్బి గోరు వంగడాన్ని సుమారు 2400 ఏళ్ల కిందట గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ గమనించాడు. ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో చాలాకాలంగా జబ్బు ఉంటే అలా కావచ్చు. గట్టి జబ్బు చేసి లేచినవాళ్ల గోళ్ల మీద అడ్డంగా పడే గాడులను 1846లో ఫ్రాన్సు వైద్యుడు బో వివరించాడు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడి ఎంత దూరం జరిగిందో చూస్తే జబ్బు ఎప్పుడు చేసిందో లెక్క కట్టొచ్చు. మన ఆరు నెలల చరిత్ర గోటి మీదే ఉంటుంది.

అయితే గోరు అనుమానం మాత్రమే చెప్తుంది, తేల్చేది పరీక్షే. తెల్ల మచ్చలు చాలాసార్లు చిన్న దెబ్బల గుర్తులే.

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన పరిశోధనశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఉప్పులో ఇనుము కలిపే పద్ధతిని రూపొందించింది ఆ సంస్థే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశానికి ఉప్పు మోసిన జాతి బిడ్డలం. మా వంటింటి ఉప్పులో ఆ ఇనుము ఇంకా కలవలేదు.

ఈసారి పండక్కి గోరింటాకు పెట్టే ముందు మీ యాడి చెయ్యి ఒకసారి వెలుతురులోకి తీసుకొని చూడండి.