తుక్కు కళకు పుట్టిల్లు ఎక్కడ?

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి ముంబయి హైవే మీద ఇస్నాపూర్ వైపు సాగితే రెండు పక్కలా తుక్కు దుకాణాలు కనిపిస్తాయి. అరిగిన గేర్లు, పగిలిన బేరింగులు, తెగిన చెయిన్లు, లేత్ మీద రాలిన ఇనుప చుట్టలు, ఖాళీ డ్రమ్ములు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలయ్యాయి. అరవై ఏళ్లుగా ఈ నేల సరుకుతో పాటు తుక్కునూ తయారుచేస్తోంది. ఆ తుక్కుతో బొమ్మలు చేసి నలుగురి ముందు నిలబెట్టే అలవాటు ఇప్పుడు బడుల్లో, మున్సిపాలిటీల్లో, పార్కుల్లో బాగా పెరిగింది. అది ఎక్కడ పుట్టిందో ఈ ప్రాంతం వాళ్లకు తెలియడం అవసరం. ఎందుకంటే అది పుట్టింది వీళ్లలాంటి వాళ్ల చేతుల్లోనే.

కళాచరిత్ర పుస్తకాలు దీన్ని పికాసోతో మొదలుపెడతాయి. ఆయన 1942లో ఒక పాత సైకిల్ సీటుకు హ్యాండిల్ తగిలించి ఎద్దు తల అన్నాడు. గొప్ప పనే. కానీ పారేసేదాన్ని పనికొచ్చేదిగా, పనికొచ్చేదాన్ని అందమైనదిగా మార్చడం మన ఇళ్లలో అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పేర్చి, అంచుల రంగులు కలిసేలా కుట్టిన బొంతలో లెక్క ఉంది, చూపు ఉంది. చిత్తు కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, ఆ గుజ్జును బోర్లించిన బిందె మీద పరిచి ఎండబెడితే బుట్ట అయ్యేది. ఆదిలాబాద్ అడవుల్లో ఓజా అనే లోహపు పనివాళ్లు పాత ఇత్తడి గిన్నెలు కరిగించి, మైనపు తీగ చుట్టిన మట్టి అచ్చులో పోసి దేవుళ్లనూ గంటలనూ పోతపోస్తారు. జైనూరు దగ్గరి ఉషేగావ్ ఈ పనికి పేరున్న ఊరు. డోక్రా అనే ఈ పోతపనికి ఆదిలాబాద్ పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వీళ్లెవరూ తమ పనిని వ్యర్థ కళ అనలేదు. బొంత మంచం మీదికి వెళ్లింది, గంట గుడికి వెళ్లింది. చేసిన మనిషి పేరుతో, చూడటానికే పెట్టిన వస్తువుగా ఏదీ జనం ముందుకు రాలేదు. మన దగ్గర లోటు ప్రదర్శనలోనే తప్ప కళలో కాదు.

ఆ ప్రదర్శన భాగం ఎలా మొదలైందో చెప్పాలంటే అమెరికాలో లాస్ ఏంజెలిస్ పక్కన వాట్స్ అనే పేట దాకా వెళ్లాలి. ఇటలీ నుంచి వలస వచ్చిన సైమన్ రోడియా అనే కూలీ అక్కడ ఉండేవాడు. టైల్స్ పరిచే పని తెలిసినవాడు. 1921లో మొదలుపెట్టి 1954 దాకా, పని దిగిన తర్వాతి వేళల్లో, తన ఇంటి స్థలంలో ఒక్కడే గోపురాలు కట్టాడు. ఇనుప కడ్డీలకు వలతీగ చుట్టి, సిమెంటు పూసి, అందులో సీసా పెంకులు, పింగాణీ ముక్కలు, గవ్వలు పొదిగాడు. వెల్డింగు లేదు, పరంజా లేదు. ఎత్తయిన గోపురం వంద అడుగులకు కాస్త తక్కువ. 1955లో స్థలాన్ని పక్కింటాయనకు ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఇవి కూలిపోతాయి, పడగొట్టాలని నగర అధికారులు పట్టుబట్టారు. 1959లో పదివేల పౌండ్ల బలంతో లాగి పరీక్ష పెట్టారు. వంగిపోయింది లాగే యంత్రపు దూలమే. గోపురాలు నిలిచాయి.

1965 ఆగస్టులో అదే వాట్స్ తగలబడింది. పోలీసుల తీరు మీద నల్లజాతి ప్రజల ఆగ్రహం ఆరు రోజులు రగిలింది. 34 మంది చనిపోయారు. ఆ గోపురాల పక్కనే పిల్లలకు కళ నేర్పే కేంద్రాన్ని నడిపిన నోవా ప్యూరిఫోయ్, సహచరుడు జడ్సన్ పవెల్, కాలిన వీధుల్లోంచి మూడు టన్నుల శిథిలాలు ఏరుకొచ్చారు. మాడిన కట్టెలు, కరిగిన నియాన్ బోర్డులు, వంకరపోయిన లోహం. ఇంకొందరు కళాకారులతో కలిసి వాటితో కళాఖండాలు చేసి 1966లో అక్కడి మార్కమ్ స్కూల్లో ప్రదర్శించారు. దానికి 'అరవై ఆరు నియాన్ గుర్తులు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. తర్వాత అది ఊరూరూ తిరిగింది. పేట బూడిదను ఏరి, మలిచి, ఆ పేట బడిలోనే పెట్టిన ప్రదర్శన అది. నా మటుకు నాకు సామూహిక వ్యర్థ కళా ప్రదర్శనకు తల్లివేరు ఇదే. అందులో పొదుపు పాఠం లేదు. మాకు జరిగింది చూడండి అన్న మాట ఉంది.

మన దేశంలో ఇలాంటి మనిషి నేక్‌చంద్. ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టి, విభజనలో ఊరు పోగొట్టుకుని వచ్చి, చండీగఢ్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు. ఆ కొత్త నగరం కోసం పాత పల్లెలు నేలమట్టమయ్యాయి. వాటి శిథిలాలను, పగిలిన గాజులను, పింగాణీని, కొలిమి చిట్టాన్ని సైకిల్ మీద మోసుకెళ్లి, 1950ల చివర్లో అడవిలో రహస్యంగా మనుషుల, జంతువుల బొమ్మల రాజ్యం కట్టడం మొదలుపెట్టాడు. 1975లో అధికారుల కంటబడింది. చట్టప్రకారం అక్రమ నిర్మాణమే. జనం ఊరుకోలేదు. 1976లో రాక్ గార్డెన్‌గా తెరిచారు. తర్వాత బుల్‌డోజర్లు వచ్చినప్పుడు కూడా జనమే అడ్డంగా నిలబడ్డారు.

తెలుగువాళ్లలోనూ ఈ వరుస ఉంది. హైదరాబాద్‌లో సుధాకర్ యాదవ్ చిన్నప్పటి నుంచి తుక్కులోంచి భాగాలు ఏరి వింత వింత కార్లూ సైకిళ్లూ చేశాడు. 2005లో ఆయన నడిపిన 41 అడుగులు దాటిన మూడు చక్రాల సైకిల్ గిన్నిస్‌కెక్కింది. బహదూర్‌పురాలో ఆయన కార్ల మ్యూజియం జూపార్కుకు దగ్గరే. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, కొడుకు రవిచంద్ర సూర్య శిల్పశాలలో నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 75 వేల నట్లతో పది అడుగుల గాంధీని నిలబెట్టారు. దగ్గరికి వెళితే నట్లు, దూరం జరిగితే గాంధీ. ఢిల్లీలో 2019లో 150 టన్నుల తుక్కుతో ప్రపంచపు ఏడు వింతల నమూనాల పార్కు తెరిచాక మున్సిపాలిటీలన్నిటికీ దారి దొరికింది.

బడి దారి వేరు. కాన్పూర్ ఐఐటీలో చదివి, పుణెలో లారీల కర్మాగారంలో పనిచేసిన అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ పల్లె బడులకు వెళ్లి అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో రేఖాగణితం నేర్పాడు. ఆయన చెత్త బొమ్మలు తెలుగు పిల్లల దాకా వచ్చాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు సైన్సును ఊళ్లకు మోసిన రోజులవి. ఇవాళ చాలా బడుల్లో 'వేస్ట్ నుంచి బెస్ట్' పోటీ రాగానే తల్లిదండ్రులు స్టేషనరీ షాపుకు పోయి కొత్త థర్మకోల్, మెరుపుల కాగితం, జిగురు కొంటారు. వ్యర్థం పేరుతో కొత్త వ్యర్థం పుడుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. రోడియా టైల్స్ కూలీ, నేక్‌చంద్ రోడ్డు పనుల మనిషి, గుప్తా ఫ్యాక్టరీ ఇంజినీరు. తాము వాడే పదార్థం గుణం తెలిసిన చేతులు వాళ్లవి. పటాన్‌చెరు ప్రాంతంలో వెల్డర్లు, ఫిట్టర్లు, టర్నర్లు ఇంటింటికీ ఉన్నారు. ఏ ఇనుము వంగుతుందో, ఏది విరుగుతుందో వాళ్లకు తెలుసు. పిల్లల పోటీకి న్యాయమూర్తులుగా, గురువులుగా వాళ్లను పిలిచే బడి ఒక్కటి ఉన్నా ఎంత బాగుండును.

ఇక్కడి తుక్కుతో ఒక జాగ్రత్త తప్పనిసరి. మందుల, రసాయన ఫ్యాక్టరీల కాలుష్యం మీద ఈ ప్రాంతం కేసు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. కొన్ని బ్యాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాటే. కాబట్టి రసాయనం నింపిన డ్రమ్మును కోసి పిల్లల ముందు ఏనుగు బొమ్మ చేయకూడదు. కడిగినా చేయకూడదు. లోపల ఏమున్నదో తెలియని డబ్బాకు గ్యాస్ కట్టర్ పెడితే పేలే ప్రమాదం కూడా ఉంది. గేర్లు, బేరింగులు, చెయిన్లు చాలు.

ప్రదర్శనకు రోజు కూడా వెతుక్కోనక్కర్లేదు. దసరాకు వర్క్‌షాపుల్లో ఆయుధ పూజ చేస్తారు. యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. చాలాచోట్ల ఇంటిల్లిపాదీ వచ్చి నాన్న నడిపే యంత్రాన్ని చూస్తారు. ఆ రోజు లేత్ పక్కన ఒక బల్ల వేసి, ఆ లేత్ నడిపేవాడు దాని తుక్కుతోనే చేసిన బొమ్మ పెట్టి, కింద అతని పేరు, ఊరు, చేసే పని పెద్ద అక్షరాలతో రాయవచ్చు. కాంట్రాక్టు మీద ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడైతే అతని భాషలో కూడా రాయాలి.