పరక చేప అద్దాల తొట్టిలోకి వచ్చిన దారి

హైదరాబాద్ శివార్లలోని శామీర్‌పేట చెరువు కట్ట మీద పొద్దున్నే వలలు దులుపుతుంటారు. రవ్వలు, బొచ్చెలు బుట్టల్లోకి చేరిపోయాక, వల కళ్లకు చిక్కుకుని వేలెడంత వెండి చేపలు మిగులుతాయి. "గవి పరకలు సారూ, ఎండబెడితె కూరకొస్తయి" అన్నాడు వల దులుపుతున్న పెద్దాయన. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూశాను. మొప్ప వెనక చిన్న నల్ల చుక్క, తోక మొదట్లో ఇంకాస్త పెద్ద చుక్క, రెక్కల మీద పలచటి ఎరుపు. శాస్త్రవేత్తలు దీన్ని పెథియా టిక్టో అంటారు. మేడ్చల్, కొంపల్లి వైపు అక్వేరియం దుకాణాల్లో గుంపులు గుంపులుగా తిరిగే రోజీ బార్బ్, టైగర్ బార్బ్ దీనికి చుట్టాలే. చెరువులో ఉన్నది పులుసులోకి పోతోంది, దుకాణంలో ఉన్నది జతల లెక్కన అమ్ముడవుతోంది. ఒకే వంశానికి రెండు బతుకులు ఎలా వచ్చాయన్నది రెండు వందల ఏళ్ల కథ.

ఈ కథ మొదట్లో ఉన్నవాళ్లంతా డాక్టర్లు కావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద పుస్తకం అచ్చువేశాడు. టిక్టో, రోజీ బార్బ్ రెండూ శాస్త్ర ప్రపంచానికి పరిచయమైంది అందులోనే. బెంగాలీలు ఈ చిన్న చేపలను పిలిచే 'పుంటి' అన్న మాటే తర్వాత పుంటియస్ అనే ప్రజాతి పేరుగా స్థిరపడింది. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1840ల చివర్లో దక్షిణ భారత మంచినీటి చేపల మీద మద్రాసు పత్రికలో రాశాడు. టైగర్ బార్బ్‌ను సుమత్రా నుంచి 1855లో వర్ణించిన బ్లీకర్ డచ్చి సైన్యంలో వైద్యుడు. 1865లో మలబారు చేపల గురించి రాస్తూ, ఎర్ర చార ఉన్న ఒక అందమైన బార్బ్‌కు అప్పటి మద్రాసు గవర్నర్ డెనిసన్ పేరు పెట్టిన ఫ్రాన్సిస్ డే కూడా మద్రాసు సైన్యపు వైద్యుడే.

హామిల్టన్ స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు గీయించుకున్నా, ఆ కాలపు చదువు ఎక్కువగా సారాయి సీసాల్లోని చేపల మీదే సాగింది. సారాయిలో పడ్డ చేపకు ఎరుపు నిలవదు, చుక్కలు మాత్రం మిగులుతాయి. అందుకే పుస్తకాల్లో టిక్టో రెండు చుక్కల చేపగానే ఉండిపోయింది. రంగు చూడాలంటే అది బతికి ఉండాలి, అద్దం వెనక ఈదాలి. ఆ అద్దం 1853లో లండన్ జూలో వచ్చింది. మరుసటి ఏడు ప్రకృతి శాస్త్రవేత్త గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట జనం నోట పడింది. మన వైపు 1909లో మద్రాసు సముద్రతీరాన అక్వేరియం తెరిచారు. హైదరాబాద్ రాజ్యం చేపల సర్వేను మహమూద్, రహీముల్లా 1947లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. మన చెరువుల చేపలకు పద్ధతిగా లెక్క కట్టినవారిలో వాళ్లు ముందువరసలో ఉంటారు. ఆ పని ఇంకా ఎక్కువ గుర్తింపుకు తగినదని నా నమ్మకం.

చేపల తొట్టి ఇళ్లలోకి రావడానికి కరెంటు, ప్లాస్టిక్ రెండూ కావలసి వచ్చాయి. పాలిథీన్ సంచిలో కొంచెం నీరు, మిగతాదంతా ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు వేస్తే చెన్నై కొళత్తూరు చేప మర్నాటికి హైదరాబాద్‌లో ఈదుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, హాల్లో టీవీ పక్కన తొట్టి వెలసింది. ఇక్కడ అసలు తీర్పు చెప్పింది బోరు నీళ్లు. ఇది గ్రానైట్ నేల, బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అమెజాన్ మెత్తని నీళ్లకు అలవాటుపడ్డ నియాన్ టెట్రా ఈ నీళ్లలో నిలదొక్కుకోవడం కష్టం. రోజీ బార్బ్ మాత్రం తట్టుకుంది, సంక్రాంతి చలికి కూడా బెదరలేదు. టైగర్ బార్బ్‌కు ఆ చలి రోజుల్లో హీటర్ ఉంటే మంచిది. 2015–16లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయర్‌కు చేరాక నల్లా నీళ్లు మెత్తబడ్డాయి గానీ క్లోరిన్ చిక్కు వచ్చింది. అందుకే నీళ్లు మార్చేముందు బకెట్లో ఒక రోజంతా నిలవ ఉంచడం, లేదా మందు చుక్కలు వేయడం తొట్టి పెట్టుకున్నవాళ్లందరికీ అలవాటైంది.

బార్బ్‌లను రెండో మూడో తెచ్చుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇవి మందలో బతికే ప్రాణులు. మూడే ఉంటే టైగర్ బార్బ్ పక్క చేపల తోకలు కొరుకుతుంది, ఏంజెల్ చేప పొడుగు రెక్కలైతే పీలికలే. ఎనిమిదో పదో ఉంటే ఆ తగాదా అంతా మందలోపలే తీరిపోతుంది. తెల్లవారుజామున తొట్టి ముందు కూర్చుంటే తెలుస్తుంది: మొదటి వెలుతురు పడగానే మగ రోజీ బార్బ్ ఒళ్లు రాగిరంగుకు తిరుగుతుంది, రెక్కలు నిక్కబొడుచుకుని ఆడదాని పక్కన వణుకుతూ నాచు మొక్కల్లోకి నెడుతుంది. గుడ్లు ఆకుల మీద చల్లుకుంటూ పోతాయి, వెనక్కి తిరిగి వాటినే తింటాయి. అడుగున గోళీలు పరిస్తే సందుల్లో పడ్డ గుడ్లు దక్కుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడతాయి.

రంగుకు వచ్చిన గిరాకీ మేలే చేసిందని చెప్పలేం. డే వర్ణించిన ఆ చేపే మిస్ కేరళ. 1997లో సింగపూర్ అక్వారామా ప్రదర్శనలో బహుమతి పొందాక పశ్చిమ కనుమల వాగుల్లో దాన్ని విచ్చలవిడిగా పట్టారు. ఇప్పుడది అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. మన దగ్గర జరిగింది దీనికి తిరగబడ్డ కథ. అక్వేరియంలో అద్దం నాకే సక్కర్ చేప పెద్దదైపోయిందని ఎవరో చెరువులో వదిలారు. అది తూర్పు కనుమల చెరువుల్లో ఎంత దూరం పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ ఆధారంగా బయటపెట్టారు. ముళ్ల ఒంటితో వలలు చింపే ఆ చేపను మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. పరకల గుడ్లు దాని పాలబడితే మిగిలేది ఏమీ ఉండదు.

2016లో కొరమీనును తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. ఆ కొరమీను పెరిగేది పరకలు తినే. అదే ఏడాది నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్న పిల్లల్లో ఎక్కువభాగం రవ్వ, బొచ్చె, మృగాల. పరకను ఎవరూ వదలరు, అది తనంతట తాను బతకాలి. దానికి కావలసింది చెరువు అంచున కాస్త నాచు, వానాకాలంలో పైకి ఎదురీదడానికి పూడని వాగు.

తొట్టి పెట్టుకున్న ప్రతివారికీ ఒక మనవి. చేపలు ఎక్కువైనా, విసుగొచ్చినా, ఇల్లు మారుతున్నా వాటిని దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా ఇంకొకరికి ఇవ్వండి. శామీర్‌పేట చెరువులో మాత్రం వదలకండి.