మాంచెస్టర్‌లో మగ్గం మోత

నిరుడు వేసవిలో మా చిన్నమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లాను. లండన్ వంతెన, పెద్ద గడియారం సంగతులు వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చెప్పేవే, నేను మళ్లీ రాయను. సోలాపూర్‌లో సాలోళ్ల ఇంట పుట్టినవాణ్ణి, నా కన్ను ఎక్కడికి పోయినా బట్ట దగ్గరే ఆగుతుంది.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోకి ఊరికే వెళ్లొచ్చు, టికెట్ లేదు. జనమంతా టిప్పు సుల్తాను చెక్కపులి చుట్టూ మూగారు. నేను దాన్ని దాటుకుని, మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి పోయిన దుప్పట్ల ముందు నిలబడ్డాను. నూలు గుడ్డ, చేత్తో వేసిన పూలచెట్టు, ఇన్నేళ్లయినా ఎరుపు ఎరుపుగానే ఉంది.

ఈ బట్టలంటే అక్కడివాళ్లకు ఎంత మోజంటే, వాటిని ఆపడానికి చట్టాలే చేయాల్సి వచ్చింది. 1700లో అద్దకపు నూలుబట్టల దిగుమతి మీద చట్టం తెచ్చారు. 1721 చట్టంతో కట్టుకోవడమే నేరమైంది, దొరికితే అయిదు పౌన్ల జరిమానా. 1774 దాకా అది ఎత్తేయలేదు. అంతకుముందు 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది కాలికో గౌన్లు చించేశారు. చేసింది తప్పే. కానీ పని పోయిన నేతగాడి కడుపుమంట మనకు తెలియనిదా?

ముందే రాసి అడిగితే ఒక గ్రంథాలయంలో ఫోర్బ్స్ వాట్సన్ నమూనా పుస్తకం చూడనిచ్చారు. 1866లో తయారైనవి ఇవి. ఒక్కో సెట్‌లో 18 సంపుటాలు, 700 గుడ్డముక్కలు. అలాంటి సెట్లు 20 చేసి, 13 బ్రిటన్‌లో పంచి, 7 ఇండియాకు పంపారు. తలపాగాలు, చీరలు, లుంగీలు, రుమాళ్లు, అన్నీ ఉన్నాయి. ఇండియావాళ్లు ఏం కట్టుకుంటారో చూసి, అలాంటిదే మిల్లులో చేసి మనకే అమ్ముకోవాలన్నది లెక్క. ముక్క పక్కన పొడవు, వెడల్పు, బరువు, ఊరు రాశారు. నేసినవాడి పేరు కోసం పేజీలు తిప్పాను. లేదు. ఒక లుంగీ ముక్క అంచు చూస్తే మా తాత గుంట మగ్గం మీద కూర్చున్నట్టే అనిపించింది.

తర్వాత మాంచెస్టర్ వెళ్లాం. ఊరి బయట స్టయల్‌లో క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది, 1784లో సామ్యూల్ గ్రెగ్ కట్టించింది. నీటిచక్రంతో నడిచిన మిల్లు. పక్కనే పనిపిల్లల ఇల్లు. అనాథ, బీదపిల్లల్ని తెచ్చి అక్కడ ఉంచి మిల్లులో పెట్టుకున్నారు. ఆ చిన్న మంచాలు చూశాక, తెల్లోళ్ల మిల్లులు మన మగ్గాల్ని మింగాయని ఒక్కటే పాట పాడలేకపోయాను. మింగినమాట నిజమే, వాళ్ల పిల్లల్ని కూడా మింగాయి. మిల్లుకు వచ్చిన పత్తి వెనక అమెరికాలో బానిసల చాకిరీ ఉండనే ఉంది.

అక్కడి మనిషి మాకోసం మగ్గం నడిపాడు. ఒక్కటే మగ్గం! అయినా గదంతా దద్దరిల్లింది. వెనకటికి వందల మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక, లాంకషైర్ కూలీలు పెదాల కదలికతో, సైగలతో మాట్లాడుకునేవారట. దానికి వాళ్లు 'మీ-మా' అని పేరు కూడా పెట్టుకున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన ముప్ఫై ఏళ్లు పవర్‌లూమ్ మీద పనిచేశాడు. ఇప్పటికీ ఇంట్లో అన్నం కావాలన్నా, చాలన్నా చేత్తోనే చెప్తాడు. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్లం.

వచ్చాక ఫోన్లో వీడియో చూపించా. మోత ఆయనకు వినపడదు కదా, నాడె పోయే తీరు చూసి తలాడించాడు. పడుగు వదులుగా ఉందన్నాడు. తర్వాత నమూనా పుస్తకం ఫోటోలు చూపిస్తే చాలాసేపు చూసి, ఒకటే అడిగాడు.

"ముక్క కోసుకున్నాక మిగిలిన బట్ట ఏం చేసిన్రురా?"